బువ్వ జోకుతున్నవేందిరా!

డిజిటల్ కాటా మీద కంచం పెట్టి, సున్నా చేసే బటన్ నొక్కి, అన్నం వడ్డించుకుంటున్నాను. వంటింట్లోకి వస్తున్న మా అమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. “గిదేం పనిరా? బంగారం జోకినట్టు బువ్వ జోకుతున్నవేందిరా!” అంది. తినే అన్నాన్ని తూకం వేస్తే ఇంట్లో బర్కత్, అంటే వృద్ధి, ఉండదని ఆమె నమ్మకం. కాటా బర్కత్ సంగతి చెప్పలేదు గానీ 235 గ్రాములు అని చూపించింది. చివర్లో పెరుగులోకి మళ్లీ వేసుకున్నది 150. మొత్తం 385.

అంతకు ముందు రోజు ఎవరైనా అడిగితే “రాత్రి రెండు గంటెలే తింటా, ఓ రెండొందల గ్రాములుంటుందేమో” అనేవాణ్ని. అందులో అబద్ధమేమీ లేదు. రెండు గంటెలే వేసుకున్నాను, అది 235 గ్రాములే. మరి మిగతాది? పెరుగన్నం నా లెక్కలో అన్నం కిందికి రాదు. అది భోజనం ముగిసిందని చెప్పే ఓ ముద్ద, అంతే.

నాకు 44 ఏళ్లు. తార్నాకలో ఇల్లు, రాయదుర్గం దగ్గర ఆఫీసు. మెట్రోలో వెళ్లి, అక్కడ కుర్చీలో కూర్చుని, మళ్లీ మెట్రోలో వచ్చే ఉద్యోగం. రెండేళ్లలో ఆరు కిలోలు పెరిగి 82 దగ్గర ఉన్నాను. “నేను పెద్దగా తినను, గాలి పీల్చినా ఒళ్లు వచ్చే శరీరం నాది” అని పది మందికి చెప్పుకున్నాను కూడా. తూచడం మొదలుపెట్టే ముందు నా అంచనా ఓ కాగితం మీద రాసుకున్నాను: రోజుకు 1,750 క్యాలరీలు. ఏడు రోజులు తూచి రాశాక సగటు 2,390 వచ్చింది. అంటే రోజుకు 640 క్యాలరీలు ఎవరికీ కనబడకుండా నా కడుపులోకి వెళ్తున్నాయి, నాతో సహా.

ఇది నా ఒక్కడి జబ్బు కాదని తర్వాత తెలిసింది. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఓ అధ్యయనం వచ్చింది. రోజుకు 1,200 క్యాలరీల లోపే తింటున్నాం, అయినా బరువు తగ్గడం లేదు అంటున్న వాళ్లను తీసుకుని, వాళ్లు చెప్పినదాన్ని వాళ్ల శరీరం చెప్పినదాంతో పోల్చి చూశారు. వాళ్ల శరీరం శక్తిని ఖర్చు చేసే తీరులో ఏ లోపమూ లేదు. నిజంగా తిన్నదాంట్లో సగటున 47 శాతం మాత్రం లెక్కలోకి రాలేదు. చేసిన వ్యాయామాన్ని 51 శాతం ఎక్కువ చేసి చెప్పుకున్నారు.

శరీరం చేత నిజం ఎలా చెప్పిస్తారు? దానికో చక్కటి ఉపాయం ఉంది. మామూలు నీళ్లలో ఉండే హైడ్రోజన్, ఆక్సిజన్‌లకు బదులు వాటి బరువైన రూపాలు కలిపిన నీళ్లు తాగిస్తారు. ప్రమాదమేమీ లేదు. ఆ హైడ్రోజన్ ఒంట్లోంచి నీళ్ల రూపంలోనే బయటికి పోతుంది. ఆక్సిజన్ మాత్రం నీళ్లుగానూ పోతుంది, మనం వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌గానూ పోతుంది. వారం, రెండు వారాల పాటు మూత్రం పరీక్షించి ఈ రెండూ ఎంత వేగంగా తగ్గుతున్నాయో చూస్తే, ఆ తేడాను బట్టి ఒళ్లు ఎంత కార్బన్ డయాక్సైడ్ వదిలిందో, దాన్నిబట్టి ఎంత శక్తి కాల్చిందో తెలుస్తుంది. బరువు పెద్దగా మారకుండా ఉన్న మనిషి కాల్చినంతా తిన్నట్టే కదా.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఈ చివరి మాటే. కాటా, ఫోన్‌లో క్యాలరీలు లెక్కగట్టే ఆప్ ఏవీ లేకపోయినా మీరు ఎంత తింటున్నారో మీ బరువు ఇప్పటికే చెబుతోంది. నా వయసు, ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు పెట్టి మిఫ్లిన్ సెయింట్ జోర్ అనే సూత్రంతో లెక్క కడితే, కదలకుండా పడుకున్నా నా ఒంటికి రోజుకు సుమారు 1,670 క్యాలరీలు కావాలి. కుర్చీ ఉద్యోగానికి దాన్ని 1.4తో గుణిస్తే దాదాపు 2,340. 1,750 మాత్రమే తినే మనిషినైతే నేను నెలకు రెండు కిలోల పైన తగ్గుతూ ఉండాలి. తగ్గడం లేదు, మెల్లగా పెరుగుతున్నాను. అంటే కాగితం మీద అంకె తప్పు. తూచకముందే తెలిసిపోవాల్సిన విషయం ఇది. లెక్కల మాస్టారి కొడుకునై ఉండి ఈ కూడికా తీసివేతా ముందే చేయనందుకు కాస్త సిగ్గేసింది.

ఇక ఆ 640 ఎక్కడెక్కడ దాక్కుందో చూద్దాం. ముందు క్యాలరీ సంగతి. ఒక కిలో నీళ్లను ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కించడానికి పట్టే వేడిని ఒక క్యాలరీ అంటున్నాం. శాస్త్రం పుస్తకాల్లో దీని పేరు కిలోక్యాలరీ. బిస్కెట్ ప్యాకెట్ మీద, ఆప్‌లో, డాక్టర్ నోట ఉండేది ఇదే. పిండిపదార్థం గ్రాముకు 4, మాంసకృత్తులు గ్రాముకు 4, కొవ్వు గ్రాముకు 9 చొప్పున లెక్క వేస్తారు. విల్బర్ అట్వాటర్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త వందేళ్లకు పైగా కిందట చేసిన పని మీదే ఇప్పటికీ ఈ లెక్క నడుస్తోంది.

మన తిండికి సంబంధించిన అంకెలు మాత్రం మా ఇంటికి కూతవేటు దూరంలోనే తయారయ్యాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ గేటు ముందు నుంచి ఏళ్ల తరబడి తిరిగాను, లోపల ఏం చేస్తారో ఎప్పుడూ పట్టించుకోలేదు. 1918లో తమిళనాడు కొండల్లోని కూనూరులో బెరిబెరి వ్యాధి మీద పరిశోధనకు ఒక్క గదితో మొదలై, 1958లో హైదరాబాద్ వచ్చింది. 2017లో ఆ సంస్థ అచ్చేసిన పట్టికల్లో దేశంలోని 528 రకాల ఆహార పదార్థాల పోషక విలువలు ఉన్నాయి. అయితే ఒక మెలిక ఉంది. పట్టికల్లో ఉన్నవి ఎక్కువగా వండని సరుకులు: బియ్యం, కందిపప్పు, బెండకాయ. మన కంచంలో ఉండేది బెండకాయ కాదు, బెండకాయ వేపుడు. వేపుడు క్యాలరీలు ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. ఎందుకంటే అందులో బెండకాయ ఎంతో తెలుసు, నూనె ఎంతో వండిన చేతికే తెలుసు.

అన్నం దగ్గర కొత్తవాళ్లు పడే గుంత ఇంకోటి. ఆప్‌లో “రైస్” అని కొడితే ఒకచోట వంద గ్రాములకు 350, ఇంకోచోట 130 చూపిస్తుంది. మొదటిది బియ్యం, రెండోది అన్నం. వండితే నీళ్లు పీల్చుకుని బియ్యం రెండున్నర, మూడు రెట్లు బరువెక్కుతుంది, క్యాలరీలు మాత్రం అవే ఉంటాయి. మా ఇంట్లో అర కిలో బియ్యం పెట్టి దించాక తూస్తే కిలో నాలుగొందల గ్రాముల అన్నం అయింది. అర కిలో బియ్యానికి 1,750 క్యాలరీలు, దాన్ని 1,400 గ్రాములకు పంచితే మా అన్నం వంద గ్రాములకు 125. కొంచెం పలుకుగా వండే ఇంట్లో ఇది పెరుగుతుంది, మెత్తగా వండితే తగ్గుతుంది. ఒకసారి ఇలా చూసుకుంటే చాలు, రోజూ ఆప్‌లో వెతకనక్కర్లేదు. నా 385 గ్రాములు అంటే 480 క్యాలరీలు. కాగితం మీద రాసుకున్నది 250.

నూనె సంగతి అన్నం కంటే ఘోరం. అంచనా కాగితంలో నూనెకు నేను 100 క్యాలరీలు కేటాయించాను, పోపులో స్పూనుడు అనుకుని. మా ఆవిణ్ని “కూరలో ఎంత నూనె వేస్తావు?” అని అడిగితే “పట్టినంత” అంది. ఇంతకు మించిన నిజమైన జవాబు వంటింట్లో దొరకదు. అందుకని కంచం వదిలేసి ప్యాకెట్ పట్టుకున్నాం. కొత్త నూనె ప్యాకెట్ కత్తిరించిన రోజు దాని మీద పెన్నుతో తేదీ రాశాను. లీటరు ప్యాకెట్ అంటే 910 గ్రాములు, ఆ సంగతి ప్యాకెట్ మీదే ఉంటుంది. ఏడు రోజుల్లో అయిపోయింది. రోజుకు 130 గ్రాములు, ఇంట్లో నలుగురం, మనిషికి 32 గ్రాముల చిల్లర. తొమ్మిదితో గుణిస్తే 290 క్యాలరీలు. ఆఫీసులో, బయట తిన్న నూనె ఇందులో లేదు. పూరీలు చేసిన రోజు మూకుట్లో మిగిలిన నూనెను కొంత తీసేయాలి నిజమే, కానీ ఆ నూనె కూడా మర్నాడు కూరలోకే వెళ్తుంది కదా. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2,000 క్యాలరీల ఆహారానికి సూచించిన నూనె 27 గ్రాములు. మేం మరీ అన్యాయంగా ఏమీ లేం. కాకపోతే ఆ 290 ఏ రోజూ ఎవరి లెక్కలోనూ లేదు.

ప్యాకెట్ పద్ధతి నాకు ఎందుకు నచ్చిందంటే దాన్ని మోసం చేయడం కుదరదు. కంచంలో వేసుకున్నది మర్చిపోవచ్చు, ప్యాకెట్ ఖాళీ అయితే ఖాళీ అయినట్టే. పంచదారకూ, నెయ్యికీ ఇదే పనికొస్తుంది.

కంచం లెక్కకు ఇంకో లోపం ఉందని మా ఆవిడే చూపించింది. నా హడావుడి చూసి తనూ మూడు రోజులు రాసింది. తన లెక్క 1,300 దగ్గర తేలింది. “ఇంత తక్కువా?” అంటే నవ్వి, “మీరు కంచంలోది రాస్తారు. నేను తినేది గిన్నెల్లోది కదండీ” అంది. పిల్లాడు వదిలేసిన సగం ఇడ్లీ, గిన్నె అడుగున మిగిలితే పారేయలేక కలుపుకున్న పప్పు, ఉప్పు సరిపోయిందో లేదో చూసిన కూర, మరిగాక వడకట్టి మిగిలిన అరకప్పు టీ. వీటికి కంచం లేదు, వేళ లేదు, ఆప్‌లో గడి లేదు. ఈ ఆప్‌లు తయారు చేసినవాళ్లు ఎవరో వండి పెడితే తినేవాళ్లు అయి ఉంటారని నా అనుమానం.

బయట తిండి దగ్గర మళ్లీ అంచనాలకే రావాలి. పది, అంతకు మించి శాఖలున్న హోటళ్లు మెనూలో క్యాలరీలు వేయాలని దేశంలో నిబంధన ఉంది. పెద్ద గొలుసు రెస్టారెంట్లలో కనిపిస్తాయి. ఇరానీ హోటల్లో ఆ ప్రశ్న అడిగితే కౌంటర్ మీద పెద్దాయన కళ్లజోడు పైనుంచి చూస్తాడు. చిక్కగా మరిగిన పాలూ చక్కెరా కలిసి చిన్న కప్పు ఇరానీ చాయ్ 80 నుంచి 100 మధ్య ఉంటుంది. ఉస్మానియా బిస్కెట్‌లో ఎక్కువ భాగం మైదా, వెన్నో డాల్డానో, పంచదారే కాబట్టి పదిహేను గ్రాముల బిస్కెట్ 75 దాకా వస్తుంది. నేను టీలు రాశాను, పక్కన సాసర్‌లో ఉన్న బిస్కెట్‌ను లెక్కలో వేసుకోలేదు. అది టీతో పాటు ఉచితంగా లోపలికి పోయేదన్నట్టు.

ఆదివారం బిర్యానీని మాత్రం ఇంటికి తెప్పించి, విప్పి తూచాను. అమ్మ ఆ రోజు నన్ను చూసి ఏమీ అనలేదు, తల మాత్రం పట్టుకుంది. సింగిల్ అని చెప్పిన పార్సిల్‌లో అన్నం 540 గ్రాములు, బొక్కలు తీసేశాక ముక్క 150 గ్రాములు. బిర్యానీ అన్నం గ్రాముకు గ్రాము తెల్లన్నం కంటే బరువైన సరుకు, నెయ్యీ నూనే పట్టి ఉంటాయి కాబట్టి. వందకు 170 వేసుకున్నా అన్నమే 900 దాటింది, ముక్కతో కలిపి 1,200. ఇది నా అంచనా, అటూ ఇటూ రెండొందలు తేడా ఉండొచ్చు. మిర్చీ కా సాలన్, పైన డబల్ కా మీఠా వేరే. ఆ ఒక్క రోజే 3,200 దాటింది. మిగతా ఆరు రోజులూ 2,250 దగ్గరే ఉన్నాను. ఆదివారం విందును వారానికి పంచితే రోజుకు ఓ 135 అయింది. “వారానికి ఒక్కసారే కదా” అనే మాట నిజమే, కానీ ఆ ఒక్కసారీ మిగతా ఆరు రోజుల మీద పడి కూర్చుంటుంది.

అన్నంలో 230, నూనెలో 190, ఆదివారం 135, సాసర్‌లో 75. కలిపితే 630. కాగితానికీ కాటాకీ మధ్య తేడా 640. ఇంత దగ్గరగా సరిపోవడం కొంత అదృష్టమేనని ఒప్పుకుంటాను.

నడక కథ కూడా చెప్పాలి. పొద్దున్నే ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ దాకా వెళ్లి రావడం కలిపి ఐదు కిలోమీటర్లు నడుస్తాను. చేతి గడియారం 330 క్యాలరీలు ఖర్చయ్యాయంటుంది. అందులో ఆ గంట సేపు నేను ఇంట్లో సోఫాలో కూర్చున్నా ఖర్చయ్యే 70, 80 కూడా కలిసే ఉంటాయి. నడక వల్ల అదనంగా పోయింది కిలో బరువుకు కిలోమీటరుకు సగం క్యాలరీ చొప్పున వేసుకుంటే నాకు 205. నడిచొచ్చాక గేటు దగ్గర బండి మీద ప్లేట్ ఇడ్లీ, మీద ఎర్ర కారం, నెయ్యి, రెండు రకాల చట్నీలు. నడక గుండెకూ చక్కెరకూ నిద్రకూ మంచిదే, మానొద్దు. కాకపోతే దాని పేరు చెప్పి తినే తిండి దాన్ని దాటిపోతుంది.

తూకం యంత్రం ఎక్కేవాళ్లకు సోమవారం పొద్దున టెన్షన్ తప్పదు. బిర్యానీ మర్నాడు నా బరువు ఒక కిలో 200 గ్రాములు పెరిగింది. ఒక కిలో కొవ్వు చేరాలంటే సుమారు 7,700 క్యాలరీలు ఖర్చు మీద అదనంగా తినాలి. ఒక్క రాత్రిలో అది నా వల్ల కాదు, ఎంత హైదరాబాదీనైనా. పెరిగింది ఎక్కువగా నీళ్లు. ఉప్పు నీళ్లను పట్టి ఉంచుతుంది. తిన్న పిండిపదార్థం కొంత కాలేయంలో, కండరాల్లో గ్లైకోజన్‌గా నిల్వ ఉంటుంది, గ్రాము గ్లైకోజన్ దాదాపు మూడు గ్రాముల నీటితో కలిసి ఉంటుంది. బుధవారానికి దిగిపోయింది. మొదటి వారం ఉపవాసం చేసి మూడు కిలోలు తగ్గామనేవాళ్లది కూడా చాలావరకు ఈ నీళ్ల కథే, రివర్స్‌లో. అందుకే ఒక రోజు అంకె చూసి సంబరపడటం, ఏడవటం రెండూ దండగ. రోజూ ఎక్కి వారం సగటు తీసుకుని, ఈ వారం సగటును పోయిన వారం సగటుతో పోల్చుకోవాలి.

ఇంతా చేసి ఈ క్యాలరీ అంకెలు రాతి మీద చెక్కినవి కావు. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు బాదం గింజలు తినిపించి చూస్తే, 28 గ్రాముల బాదంలో లెక్క ప్రకారం ఉండాల్సిన దాదాపు 170 క్యాలరీల్లో ఒంటికి దక్కింది 129 మాత్రమే. గింజ గట్టిది, నమిలినా కొంత కొవ్వు కణాల గోడల్లోనే చిక్కుకుని బయటికి పోతుంది. మాంసకృత్తులు అరగడానికే వాటి శక్తిలో 20 నుంచి 30 శాతం ఖర్చవుతుంది, కొవ్వుకైతే మూడు శాతం లోపే. కాబట్టి ఎవరైనా “ఈ రోజు 1,847 తిన్నాను” అంటే ఆ ఏడును, నలభైని పట్టించుకోకండి. నేను యాభైకి దగ్గరగా గుండుగుత్తగా రాసేవాణ్ని. తప్పు ఉంటే ఉండనీ, రోజూ ఒకే రకం తప్పు చేస్తే వారం వారం పోల్చుకోవడానికి ఇబ్బంది లేదు.

తూచడం వల్ల అనుకోకుండా బయటపడింది ఇంకోటుంది. క్యాలరీలు ఎక్కువైన నా కంచంలో మాంసకృత్తులు తక్కువ. 65 కిలోల మగవాడికి రోజుకు 54 గ్రాములు కావాలని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. మామూలు రోజుల్లో నేను 45 కూడా దాటడం లేదు. పప్పు తింటున్నాం అనుకుంటాం, పల్చగా చేసిన గరిటెడు పప్పులో కందిపప్పు పాతిక గ్రాములు ఉంటే గొప్ప, దాన్నుంచి వచ్చేది ఐదారు గ్రాములే. రాత్రి అన్నం రెండు గంటెల దగ్గర ఆపి, పప్పు గట్టిగా చేయించుకుని, ఒక గుడ్డు పెట్టుకుంటే ఆకలి తేడా మూడో రోజుకే తెలిసింది.

అందరూ కాటా కొనాలని మాత్రం నేను అనను. తిండి అంటేనే భయం, తిన్నాక అపరాధ భావం ఉన్నవాళ్లకు, ఎదిగే పిల్లలకు, గర్భిణులకు ఈ లెక్కలు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తాయి. ఇన్సులిన్ మీద, షుగర్ మాత్రల మీద ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా అన్నం తగ్గిస్తే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. మా అమ్మ మాత్రలు వేసుకుంటుంది కాబట్టి ఆమె కంచం జోలికి నేను వెళ్లలేదు. నాకైనా మూడు వారాలు చాలనిపించింది. మా గంటె 115 గ్రాములనీ, మా నూనె ప్యాకెట్ ఎన్నాళ్లు రావాలో అనీ తెలిశాక ఆప్ తీసేశాను.

కాటా ఇప్పుడు బియ్యం డబ్బా పక్కన ఉంటుంది. అర కిలో పెట్టే చోట 400 గ్రాములే తూచి పెడుతున్నాం. మొన్న అమ్మే స్వయంగా డబ్బా మూత తీసి గ్లాసుతో బియ్యం కాటా గిన్నెలో పోస్తూ కనిపించింది. “ఏమ్మా, బర్కత్ పోదా?” అన్నాను.

“బియ్యం జోకు, ఎవలొద్దన్నరు? కంచంల పెట్టినంక జోకకు” అంది.